తిరిగి ఇస్తామన్న ఫీజు

రీయింబర్స్‌మెంట్ అన్న మాట మన ఊళ్లలో పూర్తిగా తెలుగయిపోయింది. ఇంగ్లీషులో సంతకం చేయడం రాని తండ్రి కూడా "మా అమ్మాయికి రీయంబర్స్‌మెంటు వస్తది" అంటాడు. ఆ మాటకు అసలు అర్థం, ముందుగా ఖర్చు పెట్టినవాడికి ఆ సొమ్ము తరువాత తిరిగి ఇవ్వడం. మరి ముందు పెట్టింది ఎవరు? తండ్రి పెట్టలేదు, పెట్టలేకనే ఈ పథకం. ప్రభుత్వం ఎలాగూ తరువాత ఇచ్చేదే. నడుమ ఉన్న కళాశాల, లేదా విశ్వవిద్యాలయం, ఎవరికీ డబ్బు ముట్టకుండానే పాఠం చెప్పేసి ఖాతాలో రాసుకుంది. చిల్లర కొట్టువాడు పప్పూ ఉప్పూ ఇచ్చి పద్దు రాసుకున్నట్టే. తేడా ఒక్కటే, కొట్టువాడికి బాకీదారు ఇల్లు తెలుసు.

ఈ పద్దు పుస్తకం నిన్నా మొన్నా తెరిచింది కాదు. 1926 ఏప్రిల్ 26న బెజవాడలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం, పుట్టేనాటికే అందులో చాలా పేజీలు నిండి ఉన్నాయి.

1854లో లండన్ నుంచి వచ్చిన ఉడ్ తాఖీదు రెండు పనులు చెప్పింది. కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో విశ్వవిద్యాలయాలు పెట్టమంది. ప్రైవేటువాళ్లు నడిపే బడులకు గ్రాంటు ఇమ్మంది. 1857లో వచ్చిన మద్రాసు విశ్వవిద్యాలయం లండన్ విశ్వవిద్యాలయం అచ్చు. అది పాఠం చెప్పదు, పరీక్ష పెడుతుంది. చదువు మచిలీపట్నం నోబుల్ కాలేజీలోనో, రాజమండ్రి ప్రభుత్వ కళాశాలలోనో, విజయనగరం మహారాజా వారి కాలేజీలోనో. పరీక్ష మాత్రం మద్రాసుది. రుసుము ముందుగా కడితేనే ఆ పరీక్షకు కూర్చోనిస్తారు. అందుకే తొలినాళ్లలో విశ్వవిద్యాలయానికి బాకీ అన్న సమస్యే లేదు. చేతిలో రూపాయి లేనివాడు గుమ్మం దాకా వచ్చేవాడే కాదు.

వచ్చినవాళ్లు ఎలా వచ్చారో టంగుటూరి ప్రకాశం తన ఆత్మకథ 'నా జీవిత యాత్ర'లో చెప్పుకున్నారు. మిడిల్ స్కూలు పరీక్ష రుసుము మూడు రూపాయలకు ఎక్కడా దారి దొరక్కపోతే తల్లి తన పట్టుచీర తాకట్టు పెట్టింది. ఒంగోలు ప్రాంతంలో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచిన విధవరాలికి మూడు రూపాయలంటే ఎంతో, ఇవాళ్టి లెక్కలో చెప్పడం కష్టం. తాకట్టు అన్న మాట మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ కథలో అది మళ్లీ వస్తుంది.

ఇక గ్రాంట్ల సంగతి. మద్రాసు రాజధానిలో 1860లలో ఒక విచిత్రమైన పద్ధతి పెట్టారు. ఇన్‌స్పెక్టరు వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, ఎందరు గట్టెక్కితే ఆ లెక్కన బడికి గ్రాంటు. ఏడాది పొడుగునా పంతులు జీతం ఎవరిస్తారు? ముందు మీరు నడపండి, ఫలితం చూసి మేమిస్తాం, అదీ దొరవారి మాట. రీయింబర్స్‌మెంట్ అన్న పేరు అప్పుడు లేదుగానీ ఆలోచన అదే. ప్రభుత్వ సొమ్ము పని అయిపోయాక వస్తుంది, ఈలోపు నిప్పు రాజేసుకోవాల్సింది పొయ్యి దగ్గర ఉన్నవాడే. ఆ పద్ధతిని తరువాత వదిలేశారు, అలవాటు మాత్రం కచేరీని వదల్లేదు.

విద్యార్థి పేరున ప్రభుత్వం డబ్బివ్వడం కొంచెం ఆలస్యంగా, కులాల లెక్కలతో మొదలైంది. ముస్లిం పిల్లలకు, వెనుకబడినవిగా గ్రాంటు నియమావళిలో చేర్చిన కులాల పిల్లలకు ఫీజులో రాయితీలు వచ్చాయి. 1919-20లో మద్రాసు ప్రభుత్వం లేబర్ కమిషనర్ అనే అధికారిని నియమించి, అప్పట్లో అణగారిన వర్గాలు అన్న దళితుల బాగోగులను అతనికి అప్పగించింది. లేబర్ బడులు, హాస్టళ్లు, ఉపకార వేతనాలు ఆ శాఖ నుంచి వచ్చినవే. పాలేరు పనికీ చదువుకూ ఒకటే శాఖ ఏమిటని నవ్వు రావచ్చు. కానీ 1949లో హరిజన సంక్షేమ శాఖగా మారింది ఆ శాఖే. ఇవాళ మన జిల్లాల్లో స్కాలర్‌షిప్ ఫైలు తిరిగే సాంఘిక సంక్షేమ శాఖకు ముత్తాత అది.

ఈ వాతావరణంలోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చింది. తొలి వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి. ప్రధాన కేంద్రం ఎక్కడ ఉండాలన్న తగువు చాలాకాలం సాగి, చివరికి 1930లో వాల్తేరు చేరింది. అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహుల మీద ప్రభుత్వ దమనకాండకు నిరసనగా కట్టమంచి రాజీనామా చేశారు. ఆ తరువాత సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుంచి 1936 దాకా ఉన్నారు, మళ్లీ కట్టమంచి వచ్చారు. మద్రాసులా ఇది పరీక్షలు పెట్టి ఊరుకునే సంస్థ కాదు. తన సొంత తరగతులు, ప్రయోగశాలలు, హాస్టళ్లు కావాలనుకుంది. దానికి సర్కారు గ్రాంటు ఒక్కటే చాలలేదు. జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇస్తానన్నారు. సైన్సు, టెక్నాలజీ కళాశాల ఆయన పేరునే వెలిసింది. 1936లో జయపురం ఒరిస్సాలోకి పోయినా వాల్తేరుతో ఆయన బంధం తెగలేదు. విశ్వవిద్యాలయం బతకడానికి ఏం కావాలో ఆ లక్షను చూస్తే తెలుస్తుంది. మొత్తం ఎంతన్నది ఒకటి, ఏటా వస్తుందన్న భరోసా రెండోది. నాకు రెండోదే పెద్దదనిపిస్తుంది.

ఇక్కడ కాసేపు కోస్తా దాటి బరోడా వెళ్లాలి. 1913లో బరోడా సంస్థానం ఒక యువకుడికి అమెరికా వెళ్లి కొలంబియా విశ్వవిద్యాలయంలో చదవడానికి ఉపకార వేతనం ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు. చదువయ్యాక పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాయించుకుంది. ఆయన తిరిగొచ్చి కొలువులో చేరారు. అంటరానివాడికి బరోడా పట్నంలో ఉండటానికి గది కూడా దొరకలేదు, పార్సీ సత్రం నుంచి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. కొలువు వదిలేయక తప్పలేదు. సంస్థానం మాత్రం తన సొమ్ము తిరిగి కట్టమని ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసింది. ఆ యువకుడు భీమ్‌రావ్ అంబేడ్కర్. స్కాలర్‌షిప్ అనేది ఒక్క రాత్రిలో అప్పుగా ఎలా మారుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

అదే అంబేడ్కర్ 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ సభ్యుడయ్యారు. ఆ అక్టోబరులోనే షెడ్యూల్డ్ కులాల కష్టాల మీద వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఒక వినతిపత్రం ఇచ్చారు. అలీగఢ్, కాశీ విశ్వవిద్యాలయాలకు ప్రభుత్వం ఏటా లక్షలు ఇస్తోంది గదా, మా పిల్లల ఉన్నత విద్యకు అదే చేయి ఎందుకు రాదన్నది ఆయన అడిగిన మాట సారాంశం. దానికి ఫలితంగా ఏటా 3 లక్షల రూపాయలు మంజూరయ్యాయి, 1944 నుంచి పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక గిరిజనులకూ విస్తరించింది. బాండు లేదు, పదేళ్ల కొలువు లేదు, తిరిగి కట్టేది లేదు. ఈ దేశంలో స్కాలర్‌షిప్ హక్కుకు దగ్గరగా వచ్చిన తొలి మెట్టు ఇదేనంటాను. అది పరాయి పాలన ఆఖరి రోజుల్లో వచ్చిందన్నది కూడా నిజమే.

మొదట్లో ఈ సొమ్ము ఢిల్లీ నుంచే వచ్చేది. తరువాత నిర్వహణ రాష్ట్రాల చేతికి వచ్చింది. వచ్చినప్పుడు ఒక మెలిక కూడా వచ్చింది. దాన్ని కమిటెడ్ లయబిలిటీ అనేవారు. పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాది ఈ పథకానికి ఎంత ఖర్చయిందో, వచ్చే ప్రణాళిక కాలమంతా ఏటా ఆ మేరకు రాష్ట్రమే పెట్టుకోవాల్సి వచ్చేది. ఆ పైన పెరిగిన భాగమే కేంద్రానిది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ ప్రతి ప్రణాళిక ముగియగానే పెరిగినదంతా రాష్ట్రం నెత్తిన పడేది. ఎక్కువ మంది దళిత పిల్లల్ని చదివించిన రాష్ట్రానికి ఎక్కువ బరువు. ఢిల్లీది ఉదారత, రాష్ట్రాలది బాకీ, ఇలా లెక్క ఎప్పుడూ రెండు గదుల్లో ఉండిపోయింది.

అయినా 1990ల దాకా ఈ బాకీ విశ్వవిద్యాలయాన్ని కుంగదీయలేదు. కారణం, ఫీజే నామమాత్రం. ఖర్చంతా జీతాల్లో ఉంది, జీతాలు ప్రభుత్వం ఏటా ఇచ్చే బ్లాక్ గ్రాంటులోంచి వచ్చేవి. స్కాలర్‌షిప్ ఆలస్యమైతే ఆ దెబ్బ తగిలేది హాస్టలుకు. ఆంధ్ర యూనివర్సిటీలో గానీ ఉస్మానియాలో గానీ ఆ కాలం వాళ్లను కదిపి చూడండి, డివైడింగ్ మెస్సు గురించి గంట చెబుతారు. నెల ఖర్చును తిన్నవాళ్ల తలలతో భాగిస్తే వచ్చిందే మెస్ బిల్లు. స్కాలర్‌షిప్ పిల్లల బిల్లు పేరుకుపోతూ ఉంటుంది. ఏ మార్చిలోనో డబ్బు వస్తే పాత బిల్లుకు మినహాయించుకుని మిగిలింది చేతిలో పెడతారు. చాలాసార్లు మిగిలేది ఏమీ ఉండదు. కిరాణా సరుకు అప్పు మీద, కూరగాయలు అప్పు మీద, వాటిని ఇచ్చే వ్యాపారి ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ లేకుండా దళిత విద్యకు పెట్టుబడి పెట్టినవాడు. ఈ వ్యాపారులకు ఏ చరిత్రలోనూ చోటు దొరకలేదు.

బాకీ స్వరూపం మారింది కోర్టుల్లో. 1983లోనే ఆంధ్రప్రదేశ్ క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం చేసింది. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో, అవతలి కక్షిదారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలల్లో సగం సీట్లు ఫ్రీ, సగం పేమెంట్ అని ఒక పద్ధతి గీసింది. డబ్బున్నవాడు ఎక్కువ కడితే ఆ ఆసరాతో ర్యాంకు వచ్చిన పేదవాడు చదువుతాడు. ఇందులో లోపాలున్నాయి. ఫ్రీ సీటు తెచ్చుకున్నవాళ్లలో పట్నంలో కోచింగు తీసుకున్న కలిగినవాళ్లే ఎక్కువ అన్న విమర్శ ఉంది. కానీ ప్రభుత్వం ఎవరికీ బాకీ పడలేదు. 2002 అక్టోబరు 31న టీఎంఏ పాయ్ తీర్పు ఆ పద్ధతిని కొట్టేసింది. ఒకరి ఫీజు మరొకరి మీద రుద్దకూడదంది. ఆ తరువాత ఫీజులు నిర్ణయించడానికి కమిటీలు వచ్చాయి. ఇప్పుడు పేద పిల్లవాడి పూర్తి ఫీజు ఎవరు కడతారన్న ప్రశ్న నడిబజారులో నిలబడింది.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. ఎస్సీ, ఎస్టీలతో పాటు బీసీలకు, ఆ పైన అగ్రవర్ణ పేదలకు కూడా ఫీజు మొత్తం ప్రభుత్వమే కడుతుందంది. కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఉంటే చాలు. ఈపాస్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది. ఫలితం కళ్లారా చూశాం. కూలివాళ్ల పిల్లలు ఇంజనీర్లయ్యారు, ఎంసీఏలు చదివి బెంగళూరు పోయారు, ఇంట్లో మొదటి డిగ్రీ వాళ్లదే. ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కళాశాలలు 700 దాటాయి. వాటిలో కొన్ని పిల్లలకోసం కాక రీయింబర్స్‌మెంట్ కోసమే పుట్టాయన్నదీ అందరికీ తెలిసిన రహస్యమే. రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాచేవాళ్లతో నాకు పేచీ.

విశ్వవిద్యాలయాలు కూడా ఈ ప్రవాహంలోకే దిగాయి. బ్లాక్ గ్రాంటు జీతాలకూ పెన్షన్లకూ చాలకపోతుంటే సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు తెరిచాయి. వాటి ఫీజు నామమాత్రం కాదు. గెస్ట్ ఫ్యాకల్టీ జీతం, ల్యాబు కెమికల్సు, కరెంటు బిల్లు ఆ ఫీజులోంచే రావాలి. ఆ కోర్సుల్లో ఎక్కువమంది రీయింబర్స్‌మెంట్ పిల్లలే. అంటే ఒకే ప్రభుత్వం ఒక చేత్తో గ్రాంటు తగ్గించి, లోటు పూడ్చుకోవడానికి పెట్టిన కోర్సుల ఫీజును రెండో చేత్తో బాకీ పెట్టింది. నూరేళ్ల విశ్వవిద్యాలయానికి ఇంత చిత్రమైన బాకీదారు ఇంతకుముందెన్నడూ తగల్లేదు.

బాకీ ఎలా పేరుకుంటుందో దగ్గరగా చూస్తే విసుగు పుట్టించే వివరాలే కనిపిస్తాయి, కథంతా అందులోనే ఉంది. చదువు సంవత్సరం జూన్, జూలైలో మొదలవుతుంది. ప్రభుత్వ సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. అడ్మిషన్లు ముగిసి, దరఖాస్తులు అప్‌లోడై, వేలిముద్రలు పడి, హాజరు 75 శాతం తేలి, జిల్లా కార్యాలయం మంజూరు చేసేసరికి సంక్రాంతి దాటుతుంది. అప్పుడు ఉత్తర్వు వస్తుంది. ఉత్తర్వు వస్తే డబ్బు వచ్చినట్టు కాదు. బడ్జెట్ రిలీజ్ ఆర్డరు రావాలి, బిల్లు ట్రెజరీకి వెళ్లాలి, ట్రెజరీ టోకెన్ నంబరు ఇస్తుంది. తెలంగాణలో ఈ టోకెన్ అన్న మాట కళాశాల యాజమాన్యాల ఊతపదమైంది. "టోకెన్లు పడ్డాయి, డబ్బు పడలేదు" అంటారు. మార్చి 31 రాత్రి దాకా చెల్లించని బిల్లు వెనక్కి పోతుంది, ఏప్రిల్‌లో మళ్లీ మొదటినుంచి. ఇక మన ప్రభుత్వ లెక్కలన్నీ నగదు లెక్కలు. చేతులు మారిన డబ్బే ఖర్చు. చెల్లించని ఫీజు ఆ ఏటి బడ్జెట్‌లో అప్పుగా కనిపించదు, బాండ్లు అమ్మి తెచ్చిన అప్పుతో కలిసి లెక్కకు రాదు. వడ్డీ లేదు, వాయిదా తేదీ లేదు. ఇంతకంటే సుఖమైన అప్పు ఏ ఆర్థిక మంత్రికి దొరుకుతుంది?

అందుకే ప్రతి ప్రభుత్వమూ ఈ అప్పును తీర్చడం కంటే దాని రూపం మార్చడంలో ఎక్కువ తెలివి చూపింది. 2012-13లో కిరణ్‌కుమార్ రెడ్డి ప్రభుత్వం, ప్రవేశ పరీక్షలో ర్యాంకు పదివేలు దాటిన బీసీ, ఈబీసీ (అగ్రవర్ణ పేద) విద్యార్థులకు 35 వేలే ఇస్తామంది. మిగతాది తల్లిదండ్రులది. తెలంగాణ వచ్చాక కూడా ఆ గీత అలాగే ఉంది. 2014 జూలైలో తెలంగాణ ప్రభుత్వం 1956 నవంబరుకు ముందునుంచి ఇక్కడ ఉన్న కుటుంబాలకే ఫీజు ఇస్తామని ఫాస్ట్ పథకం ప్రకటించి, కోర్టు మందలింపు తరువాత మరుసటి ఏడాది వెనక్కి తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రైవేటు కళాశాలల పీజీ విద్యార్థులకు ఫీజు ఆపేశారు. 2021 ఏప్రిల్ నుంచి విద్యా దీవెన పేరుతో కళాశాల ఖాతాకు బదులు తల్లి ఖాతాలో వేశారు.

ఈ చివరి మార్పు మీద ఆగాలి. తల్లి చేతికి డబ్బిస్తే కళాశాలను నిలదీసే బలం ఆమెకు వస్తుందన్నది వాదన. అందులో నిజం లేకపోలేదు. కానీ తల్లి ఖాతాలో పడిన సొమ్ము గడువులోగా కళాశాలకు కట్టాల్సి ఉండేది. ఇంట్లో జబ్బు, పొలంలో నష్టం, పాత అప్పువాడు గుమ్మంలో. కట్టలేకపోతే ఆ క్షణం నుంచి ప్రభుత్వ బాకీ తల్లి బాకీ అయిపోయేది. ప్రభుత్వం పద్దులోంచి తన పేరు కొట్టేసి ఆమె పేరు రాసింది. అదే ఏడాది సెప్టెంబరులో హైకోర్టు కళాశాలల ఖాతాలకే వేయమంది, వ్యాజ్యాలు సాగాయి, తరువాత తల్లీ విద్యార్థీ ఉమ్మడి ఖాతాలు వచ్చాయి, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ కళాశాలల ఖాతాలకే మళ్లించారు. పాత ప్రభుత్వం ఎంత బాకీ పెట్టి పోయింది, కొత్తది ఎంత తీర్చింది అన్న దానికి రెండు పార్టీలకు రెండు లెక్కలున్నాయి. వేల కోట్ల దగ్గర మాత్రం ఇద్దరికీ పేచీ లేదు.

ఢిల్లీ కూడా ఈలోపు తన గది తలుపు మార్చుకుంది. 2020 డిసెంబరు 23న కేంద్ర మంత్రివర్గం కమిటెడ్ లయబిలిటీని తీసేసి, ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు 60, 40 నిష్పత్తి పెట్టింది. అయిదేళ్లకు 59,048 కోట్లు, అందులో కేంద్రం వాటా 35,534 కోట్లు. అంబేడ్కర్ సాధించిన 3 లక్షలు ఎక్కడికి చేరాయో చూడండి. కేంద్రం వాటా నేరుగా విద్యార్థి బ్యాంకు ఖాతాకే. అదీ రాష్ట్రం తన 40 శాతం వేశాకే. ఒకే పిల్లవాడి ఒకే ఫీజు రెండు ప్రభుత్వాల నుంచి, రెండు తేదీల్లో, కొన్నిచోట్ల రెండు ఖాతాలకు. యూనివర్సిటీ అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చున్న గుమాస్తా దీన్ని ఏ వరుసలో రాసుకోవాలో ఏ ఉత్తర్వూ సూటిగా చెప్పదు.

2025 నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ప్రైవేటు వృత్తివిద్యా, డిగ్రీ కళాశాలలు బకాయిల కోసం తలుపులు మూశాయి. కొన్ని వందల కోట్ల హామీతో కొద్దిరోజుల్లో తెరిచాయి. ప్రైవేటు యాజమాన్యానికి మూసే స్వేచ్ఛ ఉంది. ప్రభుత్వ విశ్వవిద్యాలయం తన బాకీదారు మీద ఎలా సమ్మె చేస్తుంది? దాని వైస్ ఛాన్సలర్ నియామకమూ, గ్రాంటూ ఆ బాకీదారు చేతుల్లోనే ఉన్నాయి. అందుకే అక్కడ బాకీ చప్పుడు చేయదు. ఖాళీ అయిన ప్రొఫెసర్ పోస్టుగా, నీళ్లు రాని హాస్టల్ బాత్రూమ్‌గా, నెలలు దాటిన గెస్ట్ లెక్చరర్ జీతంగా కనిపిస్తుంది.

ప్రైవేటు కళాశాల దగ్గర ఇంకో ఆయుధం కూడా ఉంది, సర్టిఫికెట్. చదువు పూర్తయినవాడు టీసీ, మెమోలు అడగబోతే "రీయింబర్స్‌మెంట్ రాలేదు, కట్టి తీసుకుపో" అంటారు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని 2018లో యూజీసీ స్పష్టంగా చెప్పింది. కోర్టులూ పలుమార్లు చెప్పాయి. చెప్పినప్పుడల్లా కోర్టుదాకా వెళ్లగలిగిన ఆ ఒక్కడికి సర్టిఫికెట్ వస్తుంది. మిగతావాళ్లు ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి విడిపించుకుంటారు. ఒంగోలులో పట్టుచీర తాకట్టు పెట్టిన తల్లికి, చీర తనదేనన్న సంగతైనా తెలుసు. ఇక్కడ తాకట్టు పడింది పిల్లవాడి చదువు, అప్పు పడింది ప్రభుత్వం.

ఈమధ్య చాలా కళాశాలలు ఇంకా ముందుచూపుతో ఉన్నాయి. అడ్మిషన్ రోజునే వంద రూపాయల స్టాంపు కాగితం తెమ్మంటాయి. ప్రభుత్వం ఫీజు విడుదల చేయని పక్షంలో సదరు మొత్తం నేనే చెల్లించగలవాడనని అందులో టైపు కొట్టించి ఉంటుంది. 1913లో బరోడాలో విద్యార్థి ప్రభుత్వానికి బాండు రాసిచ్చాడు. ఇప్పుడు ప్రభుత్వం తరఫున కళాశాలకు రాసిస్తున్నాడు. కింద తండ్రి వేలిముద్ర, పక్కన ఇద్దరు సాక్షుల సంతకాలు. ప్రభుత్వం సంతకానికి ఆ కాగితం మీద చోటు విడిచిపెట్టరు.